అమ్మమ్మకు ఎనిమిది, అమ్మకు ముగ్గురు, నాకు ఒక్కతే: మీ ఇంట్లో ఈ లెక్క ఎవరు తేల్చారు?

మియాపూర్_స్వాతి
నాకు 34 ఏళ్లు. పాపకు వచ్చే జూన్‌కు అయిదు నిండుతాయి. మొన్న ఆదివారం మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఉప్పల్ వెళ్లాం. ప్లేటు పట్టుకుని కూర్చున్నానో లేదో పెద్దమ్మ వరసావిడ మొదలుపెట్టింది, "రెండోది ఎప్పుడు?" అని. పక్కనున్న ఇద్దరు అందుకున్నారు. భోజనం అయ్యేలోపు నలుగురు అడిగారు. అదే బల్ల దగ్గర మా ఆయన కూడా ఉన్నారు. ఆయన్ను ఒక్కరూ అడగలేదు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. మా అమ్మమ్మది సూర్యాపేట దగ్గర పల్లె. ఆమెకు ఎనిమిది కాన్పులు. తేదీలు తెలియవు. "చెరువు తెగిన ఏడు పెద్దోడు, బతుకమ్మ రోజుల్లో మీ అమ్మ" అని చెప్పేది. ఎనిమిది మందిలో అయిదుగురే బతికారు. పోయినవాళ్లలో ఇద్దరి పేర్లు చివరిదాకా గుర్తుంచుకుంది. మూడోవాడు పేరు పెట్టకముందే పోయాడట. మా అమ్మకు ముగ్గురం. నాకు ఒక్కతే.

అమ్మమ్మ ఎనిమిది మందిని కావాలని కన్నదా? ముగ్గురితో ఆగాలని అమ్మ తనే అనుకుందా? నేను ఒక్కదానితో ఆగింది నిజంగా నా నిర్ణయమేనా, లేక రోజులు అలా గడిచిపోయాయా? మీ ఇళ్లలో ఎలా జరిగిందో చెప్పండి. సలహాలకంటే జరిగింది చెబితే నాకు మేలు.

నైట్‌షిఫ్ట్_కిరణ్
"ఆయన్ను ఒక్కరూ అడగలేదు" అన్న దగ్గరే ఆగిపోయాను అక్కా. మాకు పెళ్లయి ఏడేళ్లు. ఫంక్షన్లలో నన్ను అడిగేది "ప్లాటు కొన్నావా" అని మాత్రమే. పిల్లల సంగతంతా మా ఆవిడకే వస్తుంది.

నల్గొండ_పద్మ
మా ఇంట్లో తేల్చింది మగపిల్లాడు. అక్కలిద్దరి తర్వాత నేను మూడోదాన్ని, నా తర్వాత తమ్ముడు. వాడు పుట్టిన మూడో రోజే అమ్మకు ఆపరేషన్ అయిపోయింది. తమ్ముడు నాకంటే ముందు పుట్టుంటే నేను ఉండేదాన్నే కాదు. ఈ మాట మా నానమ్మ నా ముందే అనేది, కోపంతో కూడా కాదు, మామూలుగా.

కూకట్‌పల్లి_శ్రావణి
మా ఇంట్లో తేల్చింది బడి ఫీజు. బాబుకు ఎల్‌కేజీ 85 వేలు, బస్సుకు ఇంకో 32 వేలు. మా ఆయన ఒక రాత్రి ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పదో తరగతి వరకు లెక్క వేశాడు. ఇంటి లోన్ కిస్తీ పక్కన ఆ అంకె పెట్టి నాకు చూపించాడు. ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. అంతే, మా ఇంట్లో ఆ టాపిక్ ముగిసింది.

ఫీజు_బాధితుడు
శ్రావణి గారూ, ఆ కాలిక్యులేటర్ మా ఇంట్లో కూడా ఉంది. ఇంటర్ కోచింగ్ హాస్టల్ కూడా కలపమనండి ఆయన్ను.

లెక్కల_మాస్టారు
స్వాతమ్మా, ఇది ఒక్క మీ ఇంటి లెక్కే కాదు. ముప్పై ఏళ్లు జనాభా పాఠం చెప్పినవాణ్ని, ఈ అంకెలు నాకు కంఠతా వచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి జరిగింది 1992-93లో. అప్పుడు దేశం మొత్తం మీద ఒక స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 2.6. 2019-21లో జరిగిన అయిదో సర్వేకు దేశం 2.0కి దిగింది, తెలంగాణ 1.8, ఆంధ్ర 1.7. ఒక తరం స్థానంలో ఇంకో తరం సరిసమానంగా రావాలంటే 2.1 కావాలి.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. కేరళలో ఆడవాళ్లు ముందు చదువుకున్నారు, తర్వాత పిల్లలు తగ్గారు. మన దగ్గర 1991 జనాభా లెక్కల నాటికి చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు 33 శాతం కూడా లేరు. పెళ్లిళ్లు పదహారుకో పదిహేడుకో అయ్యేవి. అయినా పిల్లల సంఖ్య వేగంగా పడిపోయింది. ఎలాగంటే, ఆపరేషన్‌తో. పెళ్లి తొందరగా, ఇద్దరు లేక ముగ్గురు తొందరగా, పాతికేళ్లు నిండేలోపు ఆపరేషన్. అయిదో సర్వేలో కూడా తెలంగాణలో 15-49 ఏళ్ల మధ్య ఉన్న పెళ్లయిన ఆడవాళ్లలో 62 శాతం మందికి ఆపరేషన్ అయి ఉంది. దేశం మొత్తం తీసుకుంటే 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్ సంగతి చూస్తే దేశం మొత్తం మీద 0.3 శాతం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 1.8 అన్నది పెళ్లయినవాళ్ల సగటు కాదు. ఆ వయసుల్లో ఉన్న ఆడవాళ్లందరినీ, పెళ్లి కానివాళ్లతో సహా, కలిపి కట్టే లెక్క. పెళ్లిళ్లు ఆలస్యమైనా ఆ అంకె తగ్గుతుంది. అందుకని దాన్ని చూసి పెళ్లయిన ప్రతి ఇంట్లో ఇద్దరు కూడా లేరని అనుకోవద్దు.

నల్గొండ_పద్మ
62 శాతానికి 0.3 శాతం పక్కన పెడితే ఇంకేం చెప్పాలి మాస్టారూ.

అత్తాపూర్_అత్తమ్మ
నేను అత్తనే. వయసు 61. కోడలికి ఒక్కడే కొడుకు. ఇంకొకరిని కనమని అడిగేదాన్ని నేనే. ఇక్కడ అందరూ అడిగినవాళ్ల మీద పడుతున్నారు కాబట్టి నా మాట కూడా వినండి.

నాకు పదిహేడేళ్లకు పెళ్లి. ఇరవై రెండు నిండకముందే ఇద్దరు పిల్లలు, ఆపరేషన్. మా ఊరి బడిలో క్యాంపు పెట్టారు. బెంచీలన్నీ వరండాలో పడేసి గదిలో నేల మీద చాపలు పరిచారు. నా పక్క చాప మీద మా పిన్ని కూతురు. మత్తు దిగుతుంటే దాహం వేసి నీళ్లు అడిగితే ఇవ్వకూడదన్నారు. సాయంత్రం ఎడ్లబండిలో ఇంటికి తెచ్చారు, బండి కుదుపుకు కుట్ల దగ్గర పట్టుకుని పడుకున్నాను. నీకు ఇంకా పిల్లలు కావాలా అని నన్ను ఒక్కరూ అడగలేదు. మా అత్తగారు, మా మామగారు, నర్సమ్మ మాట్లాడుకున్నారు. నాలుగేళ్లకు మా చిన్నోడు జ్వరంతో పోయాడు. వాడికి అయిదేళ్లు. ఇరవై ఆరేళ్ల వయసులో నాకు ఇంక కనే దారి లేదు. మిగిలింది ఒక్కడు. "ఒక కన్ను కన్నూ కాదు, ఒక బిడ్డ బిడ్డా కాదు" అని ఎవరైనా అంటే నేను లేచి అవతలికి వెళ్లిపోయేదాన్ని.

కోడలిని అడిగేటప్పుడు నా కళ్ల ముందు మా చిన్నోడే ఉంటాడు. ఆమెకు ఆ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

మియాపూర్_స్వాతి
అత్తమ్మా, ఇది చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మీ కోడలికి చెప్పండి. "ఇంకొకరిని కను" అనే ముందు ఇది చెప్పండి.

పురుళ్ల_డాక్టరమ్మ
అత్తమ్మ గారు చెప్పిన క్యాంపులు చాలాకాలం నడిచాయి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ జిల్లాలో కొద్ది గంటల్లోనే 83 మందికి ఆపరేషన్లు చేశారు. ఆ జిల్లా క్యాంపుల్లో పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలోపు ఈ క్యాంపుల పద్ధతి ఆపేయమని ప్రభుత్వాలకు చెప్పింది. ఇప్పుడు ఆపరేషన్ ఆసుపత్రిలోనే జరుగుతుంది, సంతకం ఆమెదే ఉంటుంది.

సంతకం ఆమెదే. కానీ నా గదిలో రోజూ చూసేది చెప్తాను. రెండో సిజేరియన్‌కు వచ్చిన అమ్మాయిని "ఆపరేషన్ కూడా చేసేయమంటారా" అని అడిగితే ఆమె వెంటనే తల తిప్పి తలుపు వైపు చూస్తుంది. భర్త బయట ఉంటాడు. "ఆయన్ను అడిగి చెప్తా మేడమ్." నేను ముందు ఆమె మాట వినాలని పట్టుబడతాను. కొంతమంది ఏడుస్తారు. తమ మాటతో పని ఉంటుందని వాళ్లు అనుకోలేదు.

సిజేరియన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పిల్లల సంఖ్యను అది గట్టిగా ప్రభావితం చేస్తోంది. అయిదో సర్వేలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. దేశం మొత్తం 21.5. మొదటిది సిజేరియన్ అయితే రెండోది కూడా ఎక్కువగా సిజేరియనే అవుతుంది. కోత పడినకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. అందుకే మూడోదానికి మేమే వెనకాడతాం. మొదటి కాన్పు ఎలా జరిగిందన్నదే చాలా ఇళ్లలో మిగతా లెక్క తేల్చేస్తుంది.

కూకట్‌పల్లి_శ్రావణి
డాక్టరమ్మా, ఫీజు అన్నాను కానీ అది సగమే. రెండో సగం ఇదే. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక సిజేరియన్ చేశారు. ఆ గదిలో నా మీద అరిచిన అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆసుపత్రి పేరు చెప్పను. ఇంకోసారి ఆ బల్ల మీద పడుకోలేను. ఇది మా ఆయనకు కూడా ఇంతవరకు చెప్పలేదు, ఫీజు లెక్కకే తల ఊపాను.

ఫీజు_బాధితుడు
శ్రావణి గారూ, పైన జోక్ చేసినందుకు క్షమించండి. ఆయనకు చెప్పండి. మా ఆవిడ చెప్పడానికి మూడేళ్లు పట్టింది. చెప్పాక నేను ఫీజు మాట మానేశాను.

బోడుప్పల్_విజయ
మా ఇంట్లో పనికి వచ్చే అక్కది పాలమూరు వైపు. వలస వచ్చి అడ్డా కూలీతో మొదలుపెట్టారు. ఆమెకు నలుగురు. మొన్న అంట్లు తోముతుంటే అడిగాను, నలుగురు ఎందుకక్కా అని. మొదటిది ఏడో నెలలో విరేచనాలతో పోయిందట. "ఒకటి పోయినంక ఇద్దరితో ధైర్యం ఎట్లుంటది అమ్మా" అంది. తర్వాత ఇద్దరు ఆడపిల్లలు, మళ్లీ ఆడపిల్ల, చివరికి బాబు. చేతికున్న సబ్బు నురగ తుడుచుకోకుండానే వేళ్ల మీద లెక్కపెట్టింది. పోయినదానితో మొదలుపెట్టి అయిదు వేళ్లు మడిచింది. మనం నలుగురు అంటున్నాం, ఆమె లెక్కలో అయిదుగురు.

లెక్కల_మాస్టారు
విజయమ్మా, ఆ అక్క చెప్పిన మాట పుస్తకాల్లో పెద్ద అధ్యాయం. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కుదిరితేనే జనం తక్కువమందిని కంటారు. 1992-93లో దేశంలో వెయ్యి మంది పుడితే దాదాపు 79 మంది ఏడాది నిండకముందే పోయేవారు. 2019-21కి అది 35కి తగ్గింది, తెలంగాణలో 26. స్వాతమ్మ వాళ్ల అమ్మమ్మకు ఎనిమిదిలో ముగ్గురు పోయారంటే, ఆమె ఎనిమిది కన్నది అయిదుగురి కోసమే అనుకోవచ్చు.

పీజీ_విద్య
మాస్టారూ, మా క్లాసులో చదువే ముఖ్య కారణం అని చెప్పారు. మీరేమో చదువు లేకుండానే తగ్గింది అంటున్నారు. ఏది నిజం?

లెక్కల_మాస్టారు
రెండూ నిజమే తల్లీ. అయిదో సర్వేలో బడి ముఖం చూడని ఆడవాళ్లకు సగటున 2.8 మంది, పన్నెండేళ్లు అంతకుమించి చదివినవాళ్లకు 1.8. ఈ తేడా చిన్నది కాదు. కానీ చదువు తనంతట తను పిల్లల్ని ఆపదు కదా. బొంగార్ట్స్ అనే జనాభా శాస్త్రవేత్త 1978లో దీన్ని శుభ్రంగా విడదీశాడు. చదువు, డబ్బు, మతం, పట్నమా పల్లెటూరా, ఇవన్నీ దూరపు కారణాలు. అవి ఏ నాలుగైదు దారుల్లో వచ్చి గర్భం మీద పని చేస్తాయో చూడమన్నాడు: పెళ్లి ఏ వయసులో అయింది, గర్భం రాకుండా ఏం వాడుతున్నారు, అబార్షన్లు ఎన్ని, బిడ్డకు ఎంతకాలం పాలిచ్చారు. చదువుకున్న పిల్ల ఇరవై ఆరుకు పెళ్లి చేసుకుంటుంది, అది ఒక దారి. చదువులేని పిల్ల పదిహేడుకు పెళ్లి చేసుకుని ఇరవై రెండుకు ఆపరేషన్ చేయించుకుంటుంది, అది ఇంకో దారి. చివరికి ఇద్దరికీ ఇద్దరేసి పిల్లలే. కానీ ఇద్దరి బతుకులూ ఒకటి కావు.

నల్గొండ_పద్మ
పాలివ్వడం కూడానా? మా నానమ్మ రెండేళ్లు పాలిస్తే ఎడం అదే వస్తుంది అనేది. నేను నమ్మేదాన్ని కాదు.

పురుళ్ల_డాక్టరమ్మ
నానమ్మ మాటలో నిజముంది, హద్దు కూడా ఉంది. మొదటి ఆరు నెలలు రాత్రీ పగలూ తల్లిపాలు మాత్రమే ఇస్తూ, నెలసరి మళ్లీ రాకుండా ఉంటే గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఆరు నెలలు దాటినా, పోతపాలు మొదలైనా, నెలసరి వచ్చినా దాన్ని నమ్ముకోవద్దు. "పాలిస్తున్నా కదా మేడమ్" అంటూ ఎనిమిదో నెలలో మళ్లీ గర్భంతో వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాను. కాన్పుకు, మళ్లీ గర్భానికి మధ్య కనీసం రెండేళ్లు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎడం కోసం కాపర్ టీ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. మన దగ్గర ఎడం కోసం ఇవి వాడేవాళ్లు చాలా తక్కువ. ఏమీ వాడకపోవడం, లేదంటే ఏకంగా ఆపరేషన్. మధ్యలో ఇన్ని ఉన్నాయని చెప్పేవాళ్లే లేరు.

టోలిచౌకి_ఫర్హానా
మా అమ్మీకి ఆరుగురం, ఖాలాకు ఏడుగురు. నాకు ఇద్దరు, మా వదినకు ఇద్దరు, చెల్లెలికి ఒక్కడు. ఆఫీసులో ఎవరైనా "మీవాళ్లు ఎక్కువమందిని కంటారు కదా" అంటే నాకు కడుపులో తిప్పినట్టు అవుతుంది, నా ఇద్దరి ఫొటో నా డెస్క్ మీదే ఉంటుంది.

అమ్మీ పదిహేనుకు నిఖా అయి చంచల్‌గూడ వచ్చింది. బడికి పోలేదు. ఇంట్లో మా దాదీ, ఇద్దరు పెద్దమ్మలు ఉండేవారు, ఎవరి బిడ్డ ఎవరి చంకలో ఉందో తెలిసేది కాదు. నేను డిగ్రీ చేశాను, మెహదీపట్నం నుంచి హైటెక్ సిటీకి రోజూ పోతాను. నా ఇద్దరినీ చూసేది అమ్మీయే. ఆమె మోకాళ్లు ఇంక మూడో బిడ్డను మోయలేవు. నేను రెండుతో ఆగడానికి కారణం అమ్మీ మోకాళ్లు అంటే నమ్ముతారా?

లెక్కల_మాస్టారు
నమ్ముతానమ్మా. అంకెలు కూడా నీ వైపే ఉన్నాయి. 1992-93లో ముస్లిం స్త్రీలకు సగటు 4.4, హిందువులకు 3.3. 2019-21కి 2.4, 1.9. రెండూ తగ్గాయి, ముస్లింలది ఇంకా వేగంగా తగ్గింది. ఉన్న తేడాలో కూడా చదువు, ఆదాయం, ఏ రాష్ట్రంలో ఉన్నారన్నదే పెద్ద భాగం.

కూకట్‌పల్లి_శ్రావణి
ఫర్హానా, నమ్మడమేంటి, నా ఫ్రెండ్స్‌లో సగం మంది లెక్క అమ్మల మోకాళ్ల మీదే ఉంది.

దేశం_బాగుండాలి
మీరంతా మీ ఇళ్ల దగ్గరే ఆగిపోతున్నారు. దక్షిణాదిలో పిల్లలు తగ్గిపోతే రేపు లోక్‌సభ సీట్లు తగ్గుతాయి. 1971 జనాభా లెక్కల మీద సీట్లను ఇన్నాళ్లు ఆపి ఉంచారు, 2026 తర్వాత జరిగే లెక్కలతో మళ్లీ పంచవచ్చు. ముసలివాళ్లు పెరుగుతారు. దక్షిణ కొరియా చూడండి, 2023లో 0.72కి పడిపోయింది. చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరులో ఎక్కువమందిని కనమని ఊరికే అనలేదు. మనం కూడా ఆలోచించాలి కదా.

నల్గొండ_పద్మ
అన్నా, ఇదే ప్రభుత్వాలు ముందు ఏం చేశాయో నాకు మా ఇంట్లోనే తెలుసు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్నారు. మా మేనమామ సర్పంచ్‌గా నిలబడాలనుకున్నాడు, మూడోబిడ్డ పుట్టింది, కల చెదిరింది. ఆ కోపం ఏళ్ల తరబడి అత్తయ్య మీదా, ఆ మూడో పిల్ల మీదా తీర్చుకున్నాడు. ఆంధ్రలో 2024 నవంబరులో ఆ నిబంధన ఎత్తేశారు, 2025లో తెలంగాణ మంత్రివర్గం కూడా ఎత్తేయాలని నిర్ణయించింది. మా అత్తయ్య వార్త చదివి ఏమందో తెలుసా? "అప్పుడు వద్దన్నదీ వాళ్లే, ఇప్పుడు కనమనేదీ వాళ్లే" అంది. ఆ పిల్లకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

టోలిచౌకి_ఫర్హానా
సీట్ల కోసం కనమంటే ఎవరు కంటారు భయ్యా? చూసుకునేవాళ్లను చూపించండి ముందు.

దేశం_బాగుండాలి
నేను బలవంతం చేయమనలేదు ఫర్హానా గారూ. సాయం చేయాలనే అంటున్నాను. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు కదా. యాభై మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టంలో రాశారు.

కూకట్‌పల్లి_శ్రావణి
26 వారాలు మొదటి ఇద్దరికే. మూడోదానికి 12 వారాలే. ఎక్కువమందిని కనమని ఒకవైపు అంటుంటే చట్టం ఇంకోవైపు ఉంది. క్రెష్ సంగతి అంటారా, నేను పనిచేసిన ఒక చోట క్రెష్ అని బోర్డు ఉండేది, లోపల పాత ప్రింటర్లు ఉండేవి. పైగా ఆ సెలవంతా కంపెనీ జేబులోంచే ఇవ్వాలి కాబట్టి, ఇంటర్వ్యూలో "పెళ్లయి ఎన్నాళ్లయింది" అని అడుగుతారు. నన్ను అడిగారు.

నైట్‌షిఫ్ట్_కిరణ్
నా ముక్క కూడా చెప్తాను. మాకు ఇద్దరు ఆడపిల్లలు. రెండో పాప పుట్టాక ఆపరేషన్ నేను చేయించుకున్నాను. మా ఆవిడకు అప్పటికే రెండు సిజేరియన్లు, ఇంకో కోత ఎందుకని. ఇరవై నిమిషాలు పట్టలేదు, కుట్లు కూడా లేవు. వారం బరువులు ఎత్తవద్దన్నారు, నడిచి బయటికి వచ్చి ఆటో ఎక్కాను. మూడు నెలలు వేరే జాగ్రత్త తీసుకుని, టెస్టు చేయించుకుని వీర్యకణాలు సున్నా అని తేలాకే నిశ్చింత అని చెప్పారు.

మా నాన్న నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు. ఒకటి, కొడుకు లేకుండా ఆపేశానని. రెండోది, మగవాణ్ని నేను చేయించుకోవడం. ఎమర్జెన్సీలో వాళ్ల బాబాయిని బస్సులోంచి దింపి తీసుకెళ్లారట, ఆ భయం ఇంకా మా ఇంట్లో ఉంది.

లెక్కల_మాస్టారు
కిరణ్ బాబూ, మీ నాన్నగారి భయం ఊహ కాదు. 1976-77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు, అందులో 60 లక్షలకు పైగా మగవాళ్లవి. టార్గెట్లు పెట్టి, జీతాలు ఆపి చేయించారు. ఆ దెబ్బకు మగవాళ్ల ఆపరేషన్ మాటెత్తే నాయకుడు లేకుండా పోయాడు, బరువంతా ఆడవాళ్ల మీదికి మారింది. పైన పద్మమ్మ పక్కపక్కన పెట్టిన రెండు అంకెలకు మూలం చాలావరకు అక్కడే ఉంది.

పురుళ్ల_డాక్టరమ్మ
కిరణ్ గారూ, మీరు ఇది ఇక్కడ రాయడం నేను వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పని చేస్తుంది. బలం తగ్గుతుంది, పని చేయలేరు అన్న అపోహలేవీ నిజం కావు.

నైట్‌షిఫ్ట్_కిరణ్
అవును మేడమ్. నిన్న పెద్దదాన్ని ఒక చంక, చిన్నదాన్ని ఒక చంక వేసుకుని నాలుగో అంతస్తు ఎక్కాను, లిఫ్ట్ పని చేయక.

పేరెందుకు
ఇంత చదివాక రాయాలనిపించింది. మాకు తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. "ఇద్దరా ముగ్గురా" అన్న మాటలన్నీ నాకు కిటికీ అవతల జరుగుతున్నట్టు ఉంటాయి. మొదటి మూడేళ్లు సొంతిల్లు కొన్నాక అనుకున్నాం, అది మా ఇద్దరి నిర్ణయం. తర్వాత ఆరేళ్లు ఎవరి నిర్ణయమూ కాదు. మొదట టెస్టులన్నీ నాకే. నాలుగో డాక్టర్ మా ఆయనకు టెస్టు రాశారు, ఆ ఒక్క టెస్టుకు ఆయన్ను ఒప్పించడానికి ఏడాదిన్నర పట్టింది. లోపం అక్కడ తేలింది. రెండు ఐవీఎఫ్ సైకిళ్లకు మాకు మూడున్నర లక్షలు అయింది. రెండూ నిలవలేదు. సీమంతాలకు నన్ను పిలవడం మానేశారు. పిలవకపోవడమే మంచిదని నేనూ అనుకుంటాను, కానీ పిలుపు రాలేదని తెలిసిన రోజు ఏ పనీ చేయలేను.

మియాపూర్_స్వాతి
మీరు రాసినందుకు ఎంత చెప్పినా తక్కువే. నేను "రోజులు గడిచిపోయాయి" అని తేలిగ్గా రాశాను. ఆ మాట మీకు ఎలా తగిలి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

అత్తాపూర్_అత్తమ్మ
తల్లీ, నీ ఊరు తెలియదు, పేరు తెలియదు. మా ఇంట్లో ఏ శుభకార్యం అయినా నిన్ను ముందు వరసలో కూర్చోబెడతాను.

పేరెందుకు
అమ్మా, ఏం రాయాలో తెలియడం లేదు. ఈ మాట దాచుకుంటాను.

ఒక్కడినే
నాకు 29. మా అమ్మానాన్నలకు నేనొక్కడినే. పోయిన ఏడాది నాన్నకు పక్షవాతం వచ్చింది. అమ్మ ఐసీయూ బయట, నేను బిల్లు కౌంటర్ దగ్గర, మందులకు పరుగెత్తేది నేనే, రక్తం తెచ్చేది నేనే. పదకొండు రోజులు రెండు చొక్కాలతో గడిపాను. స్వాతి గారూ, ఒక్కదానితో ఆపకండి. పాపకు తోడు ఇవ్వండి.

పీజీ_విద్య
నేనూ ఒక్కదాన్నే. నాకు ఎప్పుడూ లోటు అనిపించలేదు. మా పెద్దనాన్నలకు ముగ్గురేసి ఉన్నారు, తాతయ్య మంచాన పడితే వంతులు వేసుకుని మరీ గొడవ పడ్డారు. తోడు ఉంటారన్న హామీ ఎవరిస్తారు?

ఒక్కడినే
హామీ లేదు, నిజమే. ఆ పదకొండు రోజులు ఎవరైనా ఒకరు నా చొక్కా ఇంటి నుంచి తెచ్చుంటే చాలనిపించింది. అంతే నా మాట.

మియాపూర్_స్వాతి
మూడు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నిన్న రాత్రి ఫోన్ మా ఆయన చేతిలో పెట్టి, మొదటి నుంచి చదవమన్నాను. పాప పడుకున్నాక మొదలుపెట్టి పన్నెండున్నర దాకా చదివారు. కిరణ్ గారి పోస్టు రెండుసార్లు చదివారు. అయ్యాక "నీకేమనిపిస్తోంది" అని అడిగారు. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఈ విషయంలో ఆ మాట అడగడం ఇదే మొదలు.

నాకేమనిపిస్తోందో చెప్పాను. నాకు ఇంకొకరు కావాలని ఉంది. తోడు కోసమో, ఫంక్షన్లలో అడిగినందుకో కాదు, నాకే కావాలని ఉంది. పాపప్పుడు రాత్రులన్నీ నేనొక్కదాన్నే లేచాను, ఆ రాత్రులంటే మాత్రం భయం. ఈసారి సగం రాత్రులు ఆయనవి అన్నాను. సరే అన్నారు. మా అత్తగారికి కూడా ముందే చెప్పాలి, ఏడాదిపాటు ఎవరూ ఏమీ అడగకూడదని. ఆ పని ఆయనే చేస్తానన్నారు.

డాక్టరమ్మా, 34లో మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?

పురుళ్ల_డాక్టరమ్మ
మొదటిది నార్మలా సిజేరియనా, ఆ డిశ్చార్జి కాగితాలు తీసి ఉంచండి, అవి మీ డాక్టర్‌కు చాలా అవసరం. రక్తం శాతం, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోండి. ఫోలిక్ యాసిడ్ గర్భం వచ్చాక కాదు, కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. 35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత రెండూ తగ్గుతాయి, అబార్షన్ అయ్యే అవకాశం పెరుగుతుంది, అందుకని వాయిదా వద్దు. 35 లోపు ఏడాది, దాటితే ఆరు నెలలు ప్రయత్నించి చూడండి. రాకపోతే ఇద్దరూ కలిసి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. మొదటి రోజే ఆయనకు కూడా టెస్టు రాయమని అడగండి. పేరెందుకు గారి ఏడాదిన్నర ఇంకెవరికీ రాకూడదు.

మియాపూర్_స్వాతి
కాగితాలు బీరువాలో పాప పుట్టిన జుట్టు పొట్లం పక్కనే ఉన్నాయి, ఇప్పుడే తీశాను. శనివారం ఉదయం పదింటికి అపాయింట్‌మెంట్. ఇద్దరం వెళ్తున్నాం. పాపను అమ్మ దగ్గర దింపాలి.

అత్తాపూర్_అత్తమ్మ
స్వాతీ, పొద్దున మా కోడలు టీ ఇస్తుంటే కూర్చోబెట్టి చిన్నోడి సంగతి చెప్పాను. ఫొటో అడిగింది. వాడి ఫొటో ఒక్కటే ఉంది నా దగ్గర, బడిలో చేర్చిన రోజుది. దాన్ని ఫ్రేమ్ కట్టించి తెస్తానని కోఠికి బయల్దేరింది.